దొరగారికి తగవు నేర్పబోయి

నాకు ఓపిక తక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే చదివేవారికీ నాకూ సుఖం. అలాంటి నన్ను ఏరికోరి తెలుగు మున్షీగా పెట్టుకున్న పుణ్యాత్ముడు మా మిషను దొరగారు. గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులవి. ఆయన కొత్తగా ఓడ దిగి రాజమండ్రి వచ్చారు. నేను మిషను బడిలోనే చదువుకుని, అక్కడే పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవాణ్ణి. రోజూ పొద్దున్నే, బడి గంటకు ముందు, బంగళా వరండాలో కూర్చుని ఆయనకు తెలుగు చెప్పడం నా పని.

ఆయన మంచివాడు. ఇదీ ఇప్పుడే చెప్పెయ్యాలి, పోనుపోను చెప్పడానికి నాకు మనసొప్పకపోవచ్చు. ఒకరి మీద చెయ్యెత్తి ఎరగడు, గొంతు పెంచి ఎరగడు. అయితే తెలుగంతా ఓడలోనే పుస్తకాల్లోంచి నేర్చుకొచ్చాడు. పాలు పోయడానికి వచ్చిన మనిషిని "నీవు క్షేమముగా నున్నావా?" అని అడిగితే, వాడు ఏదో ప్రార్థన మొదలైందనుకుని తలపాగా తీసి నిలబడ్డాడు. నవ్వు ఆపుకోలేక నేను వరండా దిగి అవతలికి పోవలసివచ్చింది.

ఆయనకు ఒక జబ్బుండేది. ఒక తెలుగు మాటకు ఎదురుగా ఒకే ఇంగ్లీషు మాట ఉండాలి. రెండు తెలుగు మాటలు ఒకే చోట కూర్చుంటే ఆయనకు నిద్ర పట్టదు. ఒక మాట రెండు చోట్ల తిరిగితే అసలే పట్టదు. మా క్రైస్తవ సంఘంలో వచ్చే పేచీలన్నీ ఇక మీదట తానే వినాలని పైనుంచి ఉత్తరువు వచ్చిందట. ఒక పొద్దున నేను కూర్చోకముందే మొదలుపెట్టారు.

"తీర్పు, విచారణ, నిర్ణయము, విమర్శ, తగవు. ఇవి యన్నియు నొక్కటియేనా?"

"కాదండి."

"భేదమేమి?"

అదేదో కూరల బజారులో వంకాయకూ దోసకాయకూ భేదం చెప్పినట్టు చెప్పెయ్యవచ్చు అనుకున్నారు పాపం. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. విచారణ అంటే అడగడమండి, దానికి ముగింపు ఉండాలని లేదు. కచేరీలో విచారణ జరుగుతూ ఉండగానే వాదీ ప్రతివాదీ ముసలివాళ్ళయిపోతారు. తీర్పు అంటే ముగింపు, ఆ తరవాత ఇంకెవరూ నోరెత్తకూడదు. నిర్ణయం ఎవరైనా చెయ్యవచ్చు, ఏ పొలంలో ఏ విత్తనం చల్లాలో నిర్ణయించడానికి మునసబు అక్కర్లేదు. విమర్శ అంటే మంచీ చెడ్డా రెండూ చూడడం. అది పుస్తకంలో. మా వీధిలో ఒకణ్ణి విమర్శించారంటే వాణ్ణి ఉతికి ఆరేశారని. ఎంచడం అని ఇంకోటుంది, మంచివి ఏరడమూ అదే, తప్పులు ఏరడమూ అదే.

నేను చెబుతున్న కొద్దీ ఆయన ముఖం ఎర్రబడుతోంది. ఎండకో కోపానికో తెలియదు. చివరికి తగవు దగ్గరికి వచ్చాం. పోట్లాడుకుంటే తగవు పడ్డారంటామండి, పెద్దమనిషి కూర్చుని వాళ్ళను సమాధానపరిస్తే తగవు చెప్పాడంటామండి, అన్నాను.

ఆయన కలం కింద పెట్టేశారు. "కలహించువాడును, దానిని మాన్పువాడును ఒకే పని చేయుచున్నారా?"

"మా పేటలో చూస్తే అలాగే కనబడుతుందండి."

పరాచికం ఆయనకు అందలేదు. అందుకని నిదానంగా, నా నిదానం ఎంతటిదో అంతా కూడగట్టుకుని, మళ్ళీ చెప్పాను. తీర్పులో ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడుతాడు. తగవులో ఎవరూ పూర్తిగా ఓడకూడదు. ఇద్దరూ చెరికాస్త తగ్గాలి. రేపు పొద్దున ఇద్దరూ ఒకే కాలువ రేవులో బిందె ముంచాలి కదా, ఆ బిందెలు ఒకదానికొకటి తగిలినా మళ్ళీ గొడవ రాకుండా చూడడం పెద్దమనిషి పని.

"అయినచో సత్యము సంగతి యేమి?" అన్నారు.

"నిజం ఏమిటో పేటలో అందరికీ తెలిసే ఉంటుందండి. తెలిసిన దాన్ని అడగరు."

ఆయన మళ్ళీ కలం తీసి ఏదో రాసుకున్నారు. బోధపడిందనే అనుకున్నాను.

ఇక మా అక్క సంగతి. రాజమండ్రికి దిగువన, కాలువ గట్టు మీద ఉన్న మా పేటలో ఆడపిల్లల బడి ఆవిడదే. భర్త పోయాడు, ఇద్దరు కూతుళ్ళు. మిషను వారు బడి దొడ్లోనే ఒక పాక ఇచ్చారు. పాక, జీతం, పిల్లల చదువు అన్నీ ఆ పనిని పట్టుకునే ఉన్నాయి. పని పోతే ఊడ్పులకూ కోతలకూ కూలికి పోవాలి, పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని.

పేటలో సగం మంది సంఘంలో కలిశారు, సగం మంది కలవలేదు. కలవని వాళ్ళలో మా సొంత పిన్ని ఒకతె. ఆవిడ ఇల్లు అక్క పాకకు దడి అవతలే. ఆ యేడు పిన్ని మనవడికి అమ్మవారు పోసింది. అక్కకు చిన్నప్పుడే పోసి, ముఖమంతా మచ్చలు మిగిలాయి. ఒకసారి పోసినవాళ్ళకు మళ్ళీ రాదు కనక, పేటలో ఎవరికి పోసినా మంచం పక్కన కూర్చోవడానికి అక్కే వెళ్ళేది. బిడ్డ తేరుకున్నాక వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్ళు పోస్తారు. మిగిలిన నీళ్ళు పదిమందీ తొక్కే చోట పారబొయ్యకుండా వేపచెట్టు మొదట్లో పోస్తారు. అక్క బిడ్డకు నీళ్ళు పోసింది. మిగిలినవి వంగి చెట్టు మొదట్లో పోసింది. ఆ చెట్టు కిందే పిన్ని వాళ్ళు అమ్మవారి ఘటం, అంటే ఆ తల్లి పేరున కొలిచే కుండ, పెట్టుకుని ఉన్నారు.

సరిగ్గా అప్పుడే దడి పక్కనుంచి మా ఉపదేశి వెళ్ళాడు. ఉపదేశి అంటే పేటలో ప్రార్థన నడిపేవాడు. తడిచీరతో, చేతిలో చెంబుతో, ఘటం ముందు వంగిన మా అక్కను చూశాడు. ఆ సాయంత్రానికి, ఆడపిల్లల బడి పంతులమ్మ అమ్మవారికి మొక్కిందన్న మాట పేట దాటి బంగళాకు చేరింది. ఉపదేశి భార్యకు కూడా చదువు వచ్చు. పేటలో ఆడవాళ్ళకు బడి ఉద్యోగం ఒక్కటే ఉంది. ఇంతకంటే విడమరిచి చెప్పను.

విగ్రహానికి మొక్కినవాళ్ళను సంఘంలోంచి తీసెయ్యాలి, బడిలోంచీ తీసెయ్యాలి. అది నియమం. ఆదివారం సాయంత్రం ప్రార్థన కాగానే పెద్దలు కూర్చుంటారని కబురు వచ్చింది. దొరగారు పడవలో వచ్చారు.

మా పేటలో తగవుకు ఒక నడక ఉంది. అది తెలియకపోతే తరవాత జరిగింది తెలియదు. ఎవరి మీద మాట వచ్చిందో ఆ మనిషి ముందు లేచి, చేతులు కట్టుకుని, "తప్పు నాదేనండి, పెద్దలు ఎలా చెబితే అలా," అనాలి. చేశారా చెయ్యలేదా అన్న ప్రసక్తే లేదు. ఇంటికి వచ్చినవాణ్ణి కూర్చోమనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ తరవాత ఫిర్యాదు చేసినవాడు లేవాలి. తన మాటలో బలం లేదని వాడికి తోస్తే, "ఆవిడది కాదండి, నాదే, తొందరపడి నోరు జారేను," అంటాడు. సంఘం పెద్దాయన ఇద్దర్నీ కూర్చోమంటాడు, ప్రార్థన చేస్తారు, అంతటితో సరి. రెండోవాడు లేవకుండా కూర్చుంటేనే అసలు విచారణ మొదలవుతుంది. కనక తగవంతా ఆ రెండో మనిషి లేస్తాడా లేవడా అన్న దాని మీద ఉంటుంది. మొదటివాడి మాటకు ఏ బరువూ లేదు.

పెద్దాయన చాప మీద కూర్చున్నాడు. దొరగారికి బడి కుర్చీ వేశారు. పక్కన నేను. మా అక్క లేచింది, కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది, "తప్పు నాదేనండి, పెద్దలు ఎలా చెబితే అలా," అంది.

ఉపదేశి ఒళ్ళోని కండువా తీసి భుజాన వేసుకున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఒక మోకాలు ఎత్తాడు. అంతలో మా దొరగారు కుర్చీలోంచి లేచారు.

"ఒప్పుకొన్నది. ఇక సాక్ష్యముతో పని లేదు," అన్నారు.

దొర లేచాడు కనక అందరూ లేచారు. ఉపదేశీ లేచాడు. వాడు తన మాట చెప్పడానికి లేవబోయాడో, దొర లేచాడని లేచాడో, దేవుడికే తెలియాలి. అందరూ నిలబడ్డాక ఇక ఎవడు లేచినట్టు, ఎవడు లేవనట్టు? "అయ్యా, ఇంకా సగమే అయిందండి," అన్నాను. దొరగారు నా భుజం మీద చెయ్యి వేసి, నా సోదరి విషయంలో నాకు దుఃఖం సహజమేనని చెప్పి పడవ ఎక్కేశారు.

మర్నాడు పాఠం జరగలేదు. వరండాలో కూర్చుని నడకంతా మొదటినుంచి చెప్పాను. అది ఒప్పుకోవడం కాదండి, మర్యాద అండి. మీ దేశంలో ఉత్తరం చివర మీ విధేయ సేవకుణ్ణి అని రాస్తారు కదా, ఆ రాసినవాణ్ణి పిలిచి అంట్లు తోమమంటారా అని అడిగాను. అది మాత్రం ఆయనకు అర్థమైంది. కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"మున్షీగారూ, ఆమె ఆ తప్పు చేయలేదందురా?"

"చెయ్యలేదండి."

"అయినచో చేయని తప్పును చేసితినని సంఘము ఎదుట పలికినది. అది అబద్ధము కాదా?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మొక్కి ఉంటే విగ్రహారాధకురాలు, మొక్కకపోతే అబద్ధాలకోరు. ఎటు తిప్పినా అక్క బయటే. ఆయన వ్యంగ్యానికి అనడం లేదు, నిజంగానే బాధపడుతూ అంటున్నారు. అదే నా ప్రాణానికి వచ్చింది.

సాయంత్రం పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. మీరైనా దొరగారికి చెప్పండి అని బతిమాలాను. ఆయన చుట్ట పక్కన పెట్టి, "మేం తీర్పు చెప్పలేదు బాబూ. తగవు వినడానికి కూకున్నాం. తీర్పు దొరగారు చెప్పేరు. తీర్పు మీద మేం తగవు చెప్పకూడదు," అన్నాడు. ఆనాడు వరండాలో నేను దొరకు నేర్పిన పాఠమంతా ఈయన నాకు అప్పజెప్పాడు.

అక్క దగ్గరికి వెళ్ళాను. నువ్వు మొక్కలేదని దొరగారితో ఒక్క మాట చెప్పవే అన్నాను.

"అడిగితే చెబుతాను. నన్నెవరూ అడగలేదు కదరా," అంది.

అది నిజమే. ఇంత గందరగోళంలో మొక్కావా అని మా అక్కను అడిగినవాడు ఒక్కడూ లేడు. అడగడం అవమానమని పెద్దలు అడగలేదు. ఒప్పుకుంది కనక దొర అడగలేదు. మర్నాడు వరండా మెట్లు ఎక్కుతూనే, "అయ్యా, మీరే వచ్చి ఆవిణ్ణి అడగండి, అంతకంటే నాకేం వద్దు," అన్నాను. ఆయన వచ్చారు. నేను ఇందాక మంచివాడన్నది ఉత్తినే కాదు. ఎండలో పడవ మాట్లాడుకుని, ఒక పంతులమ్మ పాక దాకా వచ్చిన దొరను నేను మళ్ళీ చూడలేదు.

అక్క చేటలో బియ్యం చెరుగుతోంది. పిల్లలు దడి దగ్గర ఆడుకుంటున్నారు. దొరగారు పీట మీద కూర్చున్నారు.

"అమ్మా, నీవు ఆ ఘటమునకు మ్రొక్కితివా?"

"లేదండి. బిడ్డకి నీళ్ళోసేను. మిగిలినయి వేప మొదట్లో వొంచేను. మొక్కలేదండి."

"మరి తప్పు నాదని యేల పలికితివి?"

"అలాగే అనాలండి. నేను తగ్గితే ఆయనా తగ్గుతాడు కదండి."

దొరగారు నా వైపు చూశారు. ఆయన కళ్ళలో అర్థమైనట్టే కనబడింది. నా గుండె మీదినుంచి బండ దించినట్టయింది.

"అటులైన ఉపదేశి నీపై లేని నేరము మోపినాడు," అన్నారు. "అతనిని పనినుండి తొలగించెదను. ఆదివారము సంఘము ఎదుట తీర్పు చెప్పెదను. నీవు నీ బడికి పొమ్ము."

నాకు సంతోషమే వేసింది, దాచుకోను. తిక్క కుదిరింది అనుకున్నాను. అక్క మాత్రం చేట కింద పెట్టింది.

"ఆయన్ని తీసేస్తారా అండి?"

"అవును."

"ఇద్దరం ఉండడానికి లేదా అండి?"

"ఎటులుందురు? నీవు చెప్పినది నిజమైనచో అతడు చెప్పినది అబద్ధమే గదా. ఇద్దరిలో ఒకరిది తప్పు కావలెను."

అక్క దడి వైపు చూసింది. పిల్లల్ని చూసిందో, దడి అవతలికి చూసిందో చెప్పలేను. కొంగుతో చేతులు తుడుచుకుని లేచి నిలబడింది.

"అయితే నేను మొక్కేనండి," అంది.

"అక్కా, నీకు మతి పోయిందా?" అన్నాను.

"నువ్వూరుకోరా." మళ్ళీ ఆయన వైపు తిరిగి, బడిలో పిల్లలకు చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. "నేను మొక్కేను. ఆయన చూసేడు. చూసిందే చెప్పేడు."

దొరగారు పీట మీదినుంచి లేచారు. తరవాత నన్ను అడిగారు. "నాకు సరిగా తెలిసినదా?"

"ఆవిడన్న మాట అదేనండి. కాని అది నిజం కాదండి."

"ఆమె మాట ఆమెయే చెప్పినది, మున్షీగారూ," అని ఆయన టోపీ పెట్టుకున్నారు.

పడవ కదిలాక నేను అక్క మీద విరుచుకుపడ్డాను. ఆ వీధిలో నా గొంతు అంతలా ఎప్పుడూ లేవలేదు. ఎవడి పిల్లల కోసమో నీ పిల్లల నోరు కొడతావా, నిన్ను వీధిలో పెట్టినవాణ్ణి వెనకేసుకొస్తావా అని ఏవేవో అన్నాను. అక్క బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతూనే ఉంది.

"వాడు అబద్ధమాడలేదురా," అంది కాసేపటికి. "నేను వొంగడం చూసేడు. మొక్కేననుకున్నాడు. అనుకున్నందుకు అన్నం తీసేస్తారేంటి?"

"అనుకుని ఊరుకోలేదు కదా. బంగళా దాకా మోసేడు."

"మోసేడు. ఆ మాట నేనూ వాడూ తేల్చుకుంటాం. నాకు నువ్వున్నావు. వాడికెవరున్నారు?"

దీనికి ఎవడైనా జవాబు చెప్పగలిగితే చెప్పండి. నా మీద అంత నమ్మకం పెట్టుకున్నందుకు మురిసిపోవాలా, నన్ను అడక్కుండా నా నెత్తిన అంత బరువు పెట్టినందుకు మండిపడాలా? రెండూ చేశాను. మండిపడడమే ఎక్కువ చేశాను.

ఆ వారంలోనే అక్క, పిల్లలు రాజమండ్రిలో నా ఇంటికి వచ్చేశారు. బడిలో ఉపదేశి భార్య కూర్చుంది. పాక వాళ్ళకే ఇచ్చారు. కోతల రోజుల్లో అక్క కూలికి వెళ్ళింది. వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. ఆ జానెడు ఇంటిని నా జీతం ఈడ్చుకురావాలి కనక, వరండా మెట్లు మళ్ళీ ఎక్కక నాకు తప్పలేదు.

మొదటి రోజు దొరగారు నా కోసం వరండా చివరే నిలబడి ఉన్నారు. మా అక్క ఎలా ఉందని అడిగారు. ఉందండి అన్నాను. తరవాత నాకెదురుగా కూర్చుని, రాత్రంతా మాటలు కూర్చుకున్నట్టున్నారు, ఆగి ఆగి, ఎంతో భక్తిగా చెప్పారు.

"మీ సోదరి మొదట భయముచేత అబద్ధమాడినది. కాని తనవలన మరియొకనికి అన్యాయము జరుగునని తెలిసిన తోడనే సత్యము పలికినది. అట్టి సత్యవంతురాలిని నేను ఈ దేశములో చూడలేదు."

ఆయన కళ్ళు చెమర్చాయి. నా కళ్ళలోకే చూస్తూ, ఈ వాక్యములు సరియేనా అని అడిగారు.

సరిగ్గానే ఉన్నాయండి, అన్నాను.